ఏ మేటలో ఎన్ని చేపలు? సాండ్‌ఈల్ తగాదా వెనకున్న జీవశాస్త్రం

హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆధ్వర్యంలో విచారణ జరిగిన ఒక తగాదాపై 2025 మే 2న తీర్పు బయటికొచ్చింది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్, ఐరోపా యూనియన్ (ఈయూ) రాసుకున్న వాణిజ్య సహకార ఒప్పందం కింద మధ్యవర్తుల దాకా వెళ్లిన మొదటి తగాదా అదే. తగవంతా జానెడు పొడవుండే సాండ్‌ఈల్ అనే చేప గురించి. 2024 మార్చి 26 నుంచి ఉత్తర సముద్రంలో ఇంగ్లండ్ వైపు జలాల్లోనూ, స్కాట్లండ్ జలాలన్నిటిలోనూ ఈ చేప వేటను బ్రిటన్ పూర్తిగా ఆపేసింది. అప్పటిదాకా అక్కడ వేటాడిన పడవల్లో ఎక్కువ డెన్మార్క్‌వి. అందుకే ఈయూ అడ్డం తిరిగింది. తీర్పు వచ్చాక రెండు పక్షాలూ అది తమకే అనుకూలమన్నట్టు మాట్లాడాయి. అయోమయం చదివేవాళ్లకే మిగిలింది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: సముద్రంలో సాండ్‌ఈల్ తగ్గిపోయిందా, లేదా? దీనికి సూటి జవాబు దొరకదు. సాండ్‌ఈల్ సముద్రమంతా తిరుగుతూ బతికే చేప కాదు. ఏ ఇసుకమేట, ఏ నెల, ఎంత వయసు చేప అన్నది చెప్పకుండా టన్నులు మాత్రమే చెబితే అది సగం లెక్కే. శాస్త్రవేత్తల మధ్య వాదన అయినా, ప్రభుత్వాల మధ్య తగవు అయినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అందుకే చట్టం జోలికి పోయేముందు చేప సంగతి చూడాలి.

పేరులో ఈల్ ఉన్నా మలుగుపాముల వంశం కాదు

ఉత్తర సముద్రంలో సాండ్‌ఈల్ రకాలు ఐదు. వలల్లో పడేదాంట్లో తొంభై శాతానికి పైగా ఒకే రకం: అమ్మోడైటిస్ మారినస్, చిన్న సాండ్‌ఈల్ అంటారు. సన్నటి పొడుగాటి ఒళ్లు, కోసుగా ఉండే మూతి చూస్తే మన బొమ్మిడాయి గుర్తొస్తుంది. కాకపోతే పక్కలు వెండిలా మెరుస్తాయి. ఎదిగితే 25 సెం.మీ. దాకా పెరుగుతుంది గానీ వలలో కనబడేవి చాలావరకు అందులో సగమే. పదేళ్ల దాకా బతకగలదు. అంత వయసు చూసే చేపలు మాత్రం బహు అరుదు.

దీని కింది దవడ పై దవడను దాటి ముందుకు పొడుచుకొచ్చి గట్టిగా ఉంటుంది. తలతో ఇసుకలోకి దూరేటప్పుడు ముందు పోటు దానిదే. రెండో విశేషం కంటికి కనబడనిది: దీనికి గాలితిత్తి లేదు. చాలా చేపలు పొట్టలోని ఈ తిత్తిలో గాలి నింపుకుని నీళ్ల మధ్యలో కదలకుండా నిలబడగలవు. సాండ్‌ఈల్ ఈత ఆపిందంటే అడుక్కి జారిపోతుంది. దానికి విశ్రాంతైనా, దాగుడైనా ఇసుకలోనే.

అన్ని ఇసుకలూ పనికిరావు

సాండ్‌ఈల్ ఇసుకలోకి దూరుతుందే గానీ బొరియ కట్టుకోదు. ఒళ్లంతా మెలికలు తిప్పుతూ రెండు మూడు సెకన్లలో లోపలికి ఈదేస్తుంది, ఇసుక వెనకే కూలి మూసుకుంటుంది. మీద ఉండేది కొద్ది సెంటీమీటర్ల ఇసుకే అయినా పై నీళ్లకు దారి ఉండదు. రేణువుల సందుల్లోంచి దిగే నీటినే నోటితో లాగి, మొప్పల మీదుగా పంపి, అందులో ఉన్న కాస్త ప్రాణవాయువుతో సరిపెట్టుకోవాలి. నెలల తరబడి అలాగే ఉంటుంది కాబట్టి ఆ సందులు తెరుచుకుని ఉండడం దానికి చావుబతుకుల విషయం.

అందుకే ఇసుక విషయంలో అంత పట్టింపు. పావు మిల్లీమీటరు నుంచి 2 మి.మీ. దాకా ఉండే మధ్యరకం, ముతక ఇసుక కావాలి. అంతకంటే ముఖ్యం, అందులో ఒండ్రు, బంకమన్ను దాదాపు ఉండకూడదు. అడుగు నుంచి పైకి తీసిన 100 గ్రాముల ఎండిన మట్టిని జల్లెడ పట్టారనుకుందాం. 0.063 మి.మీ. కంటే సన్నటి మట్టి 2 గ్రాములు తేలితే అక్కడ సాండ్‌ఈల్ ఉండడానికి వీలుంది. 4 గ్రాములు దాటితే ఎక్కడో ఒకటీ అరా. 10 గ్రాములు దాటితే వెతకడం దండగ. సన్నమట్టి సందుల్ని పూడ్చేస్తే నీటి ప్రవాహం ఆగుతుంది, మట్టి మొప్పలకు పట్టుకుంటుంది. అలాంటి చోట దూరిన చేప ఊపిరాడక బయటికొస్తే పైన తినేవాళ్లు కాచుకుని ఉంటారు.

ఒండ్రు పేరుకోకుండా ఉండాలంటే అడుగున ప్రవాహం బాగా సాగాలి. 30 నుంచి 70 మీటర్ల లోతులో, ఇసుకమేటల అంచుల్లో ఇలాంటి చోట్లు ఎక్కువ. ఇంగ్లండ్ తూర్పున డాగర్ బ్యాంక్, స్కాట్లండ్ తూర్పున వీ బ్యాంకీ, మార్ బ్యాంక్, టర్బట్ బ్యాంక్ పేరున్న మేటలు. పటం మీద చూస్తే ఇవి విడివిడి మరకలు. మేటకీ మేటకీ మధ్య ఉన్న అడుగు సాండ్‌ఈల్‌కు అక్కరకు రాదు.

ఏడాదిలో సగానికి పైగా ఇసుకలోనే

దీని కాలపట్టిక తెలియకపోతే వేట మీద చర్చ అర్థం కాదు. ఏప్రిల్‌లో పెద్ద చేపలు పగలు ఇసుకలోంచి లేస్తాయి. గుంపులు కట్టి పైనీళ్లలో ప్లవకాలను, అంటే నీళ్లలో తేలుతూ కొట్టుకుపోయే చిన్న జీవులను, తింటాయి. ముఖ్యంగా కాలానస్ ఫిన్‌మార్కికస్ అనే, కొవ్వు దండిగా ఉండే, రెండు మూడు మిల్లీమీటర్ల కోపెపాడ్, రొయ్యలకు దూరపు చుట్టమైన చిన్న జీవి. చీకటి పడితే మళ్లీ ఇసుకలోకి. జూన్ చివరికి, జులైకి ఒంట్లో కొవ్వు సరిపడా చేరినవి పైకి రావడం మానేస్తాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇంకొంత కాలం, శరదృతువు మొదలయ్యేదాకా తింటూనే ఉంటాయి.

అక్కడి నుంచి వచ్చే ఏప్రిల్ దాకా మేత లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఓసారి లేచి గుడ్లు పెట్టి మళ్లీ దూరిపోతాయి. అంటే చలికాలం గడవడానికీ, గుడ్లు తయారు కావడానికీ కావలసిన సరుకంతా ఆ మూడు నెలల మేతలోనే కూడాలి. దాదాపు 9, 10 సెం.మీ. పొడవు అందుకోని చేప చలికాలం మొత్తం ఇసుకలో గడిపేంత కొవ్వు దాచుకోలేదని లెక్కలు చెబుతున్నాయి. అది ఇంకా మేతకు పైకి రావాల్సిందే, తినేవాళ్ల నోట పడాల్సిందే.

చలికాలం వెచ్చగా ఉంటే చేపకు మంచిదనిపిస్తుంది. నిజానికి తిరకాసు ఇక్కడే. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీళ్లు వెచ్చబడితే కదలకుండా పడుకున్నా ఒంట్లో కొవ్వు ఎక్కువ కరుగుతుంది. జనవరికి గుడ్లలోకి వెళ్లాల్సిన వాటా ఊరికే ఖర్చైపోతుంది.

లార్వా కొట్టుకుపోతుంది, పెద్దచేప కదలదు

గుడ్లు ఇసుక రేణువులకు అతుక్కుంటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో పొదిగి లార్వాలు, అంటే ఇంకా చేప రూపు రాని పసిపిల్లలు, బయటికొస్తాయి. ఒకటి నుంచి మూడు నెలలు ప్రవాహం ఎటు తీసుకెళితే అటు కొట్టుకుపోతాయి. నాలుగైదు సెంటీమీటర్లకు చేరాక, మే, జూన్ నెలల్లో అడుక్కి దిగుతాయి. దిగిన చోట తగిన ఇసుక ఉంటే బతుకు, లేకపోతే లేదు.

ఈ తేదీలు ఊహించి చెప్పినవి కావు. చేప తలలో చెవిరాళ్లుంటాయి. తెల్లగా, నలుసంత ఉంటాయి. అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే లార్వా దశలో రోజుకొక వలయం చొప్పున కనబడుతుంది. పట్టిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే పొదిగిన తేదీ వస్తుంది. అడుక్కి దిగినప్పుడు వలయాల తీరు మారుతుంది కాబట్టి ఆ రోజూ తెలుస్తుంది. చెవిరాళ్లలోని రసాయనాలను బట్టి ఏ నీళ్లలో పెరిగిందో కూడా కొంతవరకు చెప్పగలుగుతున్నారు.

ఒకసారి స్థిరపడ్డ చేప మాత్రం ఊరు విడిచిపోదు. గుర్తులు కట్టి వదిలిన చేపలు, మేటమేటకూ తేడాగా ఉన్న పొడవులు చెప్పేదొకటే: సుమారు 30 కిలోమీటర్లు దాటి వెళ్లేవి బహు తక్కువ. ఒక మేటను ఊడ్చేస్తే పక్క మేటలోని పెద్ద చేపలు వచ్చి నింపవు. మళ్లీ నిండాలంటే వచ్చే వసంతంలో లార్వాలు రావాలి. అవి వస్తాయా అన్నది ఆ ఏటి గాలి మీద, ప్రవాహం మీద, మేత మీద ఆధారపడుతుంది. నా దృష్టిలో మొత్తం తగాదాకు ఇరుసు ఈ పేరా. మిగతావన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

లెక్కపెట్టడం ఎందుకంత కష్టం

సాధారణంగా గుంపుచేపలను ధ్వని తరంగాలతో అంచనా వేస్తారు. ఆ ధ్వనిని గట్టిగా వెనక్కి కొట్టేది చేప పొట్టలోని గాలే. సాండ్‌ఈల్‌కు గాలితిత్తి లేదు కాబట్టి ప్రతిధ్వని బలహీనం. ఇసుకలో ఉన్నప్పుడైతే అసలే రాదు.

అందుకే డెన్మార్క్ శాస్త్రవేత్తలు పద్ధతి తిరగేశారు. చేపలన్నీ ఇసుకలో ఉన్నాయని నమ్మకంగా చెప్పగలిగే నవంబరు చివర, డిసెంబరులో వెళతారు. స్కాలప్ ఆల్చిప్పల కోసం వాడే, పళ్లున్న ఇనుప చట్రాన్ని కాస్త మార్చి అడుగున కొద్ది నిమిషాలు లాగుతారు. పైకి తీసిన సంచిలో సాండ్‌ఈల్‌ను ఏరి, కొలిచి, వయసు చూస్తారు. చట్రం ముందున్న చేపల్లో ఎన్ని తప్పించుకున్నాయో తెలియదు కాబట్టి ఇది నేరుగా సంఖ్య చెప్పదు. పోయినేటితో పోలిస్తే పెరిగిందా తగ్గిందా అన్న సూచిక మాత్రమే.

కోపెన్‌హాగన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సముద్ర అన్వేషణ మండలి, ఐసీఈఎస్, ఈ సూచికనూ పాత వేట లెక్కలనూ కలిపి ఏటా వేటకాలానికి ముందు సలహా ఇస్తుంది. అది ఉత్తర సముద్రాన్నీ చుట్టుపక్కల జలాలనూ ఏడు ప్రాంతాలుగా విడదీసింది. సలహా వెనకున్న సూత్రం సులువైనది: గుడ్లు పెట్టే కాలానికి కనీసం ఇంత బరువు చేప నీళ్లలో మిగలాలి. అంతకు పైన ఉన్నదే పట్టుకోవాలి. అది కూడా ఒక గరిష్ఠ పరిమితిలోపే. కనీసం కంటే తక్కువ ఉండేలా కనబడితే సలహా సున్నా. చేప ఆయుష్షు తక్కువ, ఏడాదికీ ఏడాదికీ సంఖ్య పదింతలు తారుమారవుతుంది కాబట్టి స్థిరమైన కోటా పెట్టడం కుదరదు.

ప్రాంతాలను ఏడుగా విడదీయడం పాత పద్ధతి కంటే నయమే. అయినా ఒక్కో ప్రాంతం చాలా పెద్దది. చిక్కు ఎక్కడుందో కల్పిత అంకెలతో చూద్దాం. ఒక ప్రాంతంలో పది మేటలున్నాయి, ఒక్కోదానిలో 20 వేల టన్నుల చేప. మొత్తం 2 లక్షల టన్నులు. 60 వేల టన్నులు పట్టుకోవచ్చని సలహా వచ్చింది, అంటే 30 శాతం. పడవలు పది మేటలకూ సమంగా పంచుకుని వెళ్లవు. చేప దట్టంగా దొరికే చోటికి, డీజిల్ తక్కువయ్యే చోటికి వెళతాయి. మూడు మేటల నుంచే 45 వేల టన్నులు లాగారనుకోండి. ఆ మూడింటిలో ఉన్నదే 60 వేలు. 75 శాతం పోయింది. మిగతా ఏడింటి నుంచి 15 వేలు, అంటే 11 శాతం కూడా కాదు. ప్రాంతం మొత్తానికి లెక్క చక్కగా సరిపోయింది, 1 లక్షా 40 వేల టన్నులు మిగిలాయి. ఆ మూడు మేటల పక్కనున్న కొండ మీద గూళ్లు పెట్టుకున్న పక్షికి మాత్రం నాలుగింట మూడొంతుల మేత లేదు. సలహాను ఎవరూ ఉల్లంఘించలేదు, అయినా నష్టం జరిగింది.

ఇంత చిన్న చేపను ఎందుకు పడతారు

మనుషులు తినడానికి కాదు. 16 మి.మీ. కంటే చిన్న కన్నుల ట్రాల్ వలలతో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పగటిపూట గుంపులు పైకి లేచినప్పుడు పడతారు. పట్టిన సరుకంతా చేపపిండికీ చేపనూనెకూ పోతుంది. లక్ష టన్నుల పచ్చిచేప నుంచి వచ్చే పిండి ఇరవై వేల టన్నుల పైచిలుకు. సాల్మన్ పెంపకంలో, పందుల మేతలో వాడతారు. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్లకు చేపపిండి ధర గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. మన మేతల్లోకి వెళ్లే పిండి వేరే చేపలదే అయినా సరుకు తీరు ఒకటే.

1950ల్లో మొదలైన ఈ వేట 1990ల చివర ఏడాదికి 10 లక్షల టన్నులు దాటింది. ఉత్తర సముద్రంలో బరువు లెక్కన ఒకే చేప మీద జరిగిన అతిపెద్ద వేట అదే. 2003 నాటికి దాదాపు మూడో వంతుకు పడిపోయింది.

పక్షుల కథ సాక్ష్యంగా నిలుస్తుందా

కాడ్, వైటింగ్, మాకెరెల్ చేపలు, సీళ్లు, డాల్ఫిన్ల లాంటి పార్పాయిస్‌లు అన్నీ సాండ్‌ఈల్‌ను తింటాయి. అయినా చర్చంతా పక్షుల చుట్టూ తిరగడానికి కారణముంది. పక్షులు ఒకే కొండకు ఏటా వస్తాయి, గూళ్లు లెక్కపెట్టవచ్చు, ముక్కున ఏ చేప పట్టుకొచ్చిందో కంటితో చూడవచ్చు. కిట్టివేక్ అనే చిన్న సముద్రపు కాకి దీనికి మంచి కొలబద్ద. అది లోతుకు మునగలేదు, పైన మీటరు లోతులో దొరికిందే తినాలి. పిల్లలున్నప్పుడు గూటి నుంచి కొన్ని పదుల కిలోమీటర్ల లోపలే తిరగాలి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద సాండ్‌ఈల్‌తో ఒళ్లు చేసుకుని గుడ్లు పెడుతుంది. జూన్, జులైల్లో పిల్లలకు ఆ ఏటి సాండ్‌ఈల్ పిల్లలను తెచ్చి పెడుతుంది. మొదటి భాగం వేటకాలంతో నేరుగా ఢీకొంటుంది.

పాతవాటిలో స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల ఉదంతం ఎక్కువగా వినబడుతుంది. అక్కడ సాండ్‌ఈల్ వేట 1982లో 50 వేల టన్నులు దాటి, దశాబ్దం చివరికి పదో వంతుకు పడిపోయింది. 1984 నుంచి 1990 దాకా ఆర్కిటిక్ టెర్న్ పక్షులకు పిల్లలు దాదాపు దక్కనే లేదు. వేటే కారణమని అప్పట్లో గట్టిగా అన్నారు. 1990ల మొదట్లో వేట ఆపారు. తర్వాత లోతుగా చూస్తే బొమ్మ మారింది. షెట్లాండ్ మేటలకు వచ్చే లార్వాల్లో చాలా భాగం నైరుతిలోని ఓర్క్నీ దీవుల వైపు నుంచి కొట్టుకొస్తాయి. ఆ ఏళ్లలో ఆ రాక తగ్గింది. వేట దెబ్బ లేదని దీని అర్థం కాదు. లార్వాలు రాని ఏడు ఉన్న పెద్ద చేపలే ఆధారం, వాటినీ పడుతుంటే పక్షికి ఏం మిగులుతుంది?

వీ బ్యాంకీ ఉదంతం ఇంకా ఉపయోగకరం, ఎందుకంటే అక్కడ వేట మొదలైంది, జరిగింది, ఆగింది. మూడు దశల్లోనూ కొలతలున్నాయి. 1990లో వేట మొదలైంది. 1993లో లక్ష టన్నులు దాటింది. ఆ మేటకు దగ్గర్లోని ఐల్ ఆఫ్ మే దీవిలో కిట్టివేక్ పిల్లలు తగ్గాయి. 2000లో స్కాట్లండ్ ఈశాన్యం నుంచి ఇంగ్లండ్‌లోని నార్తంబర్లండ్ దాకా సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు మూసేశారు. వెంటనే సాండ్‌ఈల్ పెరిగింది, కిట్టివేక్‌లు కోలుకున్నాయి. ఇక్కడికి ఆపేస్తే కథ తేలిక. 1999లో పుట్టిన తరం అనుకోకుండా పెద్దది, ఆ పెరుగుదలలో దాని వాటా ఉంది. తర్వాతి ఏళ్లలో వేట లేకున్నా సాండ్‌ఈల్ మళ్లీ తగ్గింది. లోతుకు మునగగలిగే గిల్లెమాట్, పఫిన్ వంటి పక్షుల్లో మూసివేత వల్ల తేడా స్పష్టంగా కనబడలేదు. 2004లో వేట లేని చోటే పక్షుల సంతానం ఘోరంగా దెబ్బతింది.

2004లో ఏమైంది? పక్షులు తెచ్చిన చేపలను పరీక్షిస్తే ఒంట్లో కొవ్వు అసాధారణంగా తక్కువ. చేప ఉంది, సత్తువ లేదు. పొడవు తగ్గినా ఇదే ఫలితం. చేప బరువు సుమారుగా పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. 15 సెం.మీ. చేప బదులు 10 సెం.మీ. చేప దొరికితే పొడవు మూడో వంతే తగ్గింది గానీ బరువు ఒకటిన్నర ఘనం, అంటే 3.4 రెట్లు తగ్గింది. ఒక్క చేపతో సరిపోయే గూటికి ఇప్పుడు మూడు నాలుగు తేవాలి. ఐల్ ఆఫ్ మేలో 1970ల నుంచి పఫిన్‌లు తెచ్చే సాండ్‌ఈల్ పొడవు తగ్గుతూ వచ్చిందని కొలతలు చెబుతున్నాయి.

సముద్రం వేడెక్కడం, చేపలో చేపకు పోటీ

ఉత్తర సముద్రం వెచ్చబడుతున్న కొద్దీ కాలానస్ ఫిన్‌మార్కికస్ ఉత్తరానికి జరిగిపోతోంది. దాని చోటులోకి వస్తున్న కాలానస్ హెల్గోలాండికస్ సంఖ్య వేసవి చివర, శరదృతువులో పెరుగుతుంది. అప్పటికి పెద్ద సాండ్‌ఈల్ ఇసుకలో పడుకుని ఉంటుంది. విందు సిద్ధమయ్యేసరికి తినేవాడు నిద్రలో. వెచ్చటి చలికాలం కొవ్వు కరిగించడం దీనికి తోడు.

డెన్మార్క్ మత్స్యకారుల పక్షం తరచూ ఎత్తిచూపే విషయం ఇంకొకటుంది, అది తోసేయదగ్గది కాదు. ఏడాది వయసు చేప దండిగా ఉన్న ఏడు కొత్త పిల్లలు సరిగా నిలదొక్కుకోవు. ఒకే మేతకు పోటీ, ఒకే ఇసుకలో చోటు. అందుకే పెద్ద తరం తర్వాత చిన్న తరం రావడం మామూలు. వేటను ఆపినంత మాత్రాన చేప ఏటా పెరుగుతూ పోతుందనుకోవడం ఈ చేప స్వభావానికి విరుద్ధం. దీన్నే సాగదీసి వేట ఉంటేనే చేపకు మేలనడం కూడా చెల్లదు. తరం చిన్నదైన ఏడు వేట దెబ్బ రెట్టింపు పడుతుంది.

ఎవరి వాదన ఏమిటి, తీర్పు ఏమంది

బ్రిటన్ వాదన: సాండ్‌ఈల్ వేట మీద సలహా ఆ ఒక్క చేప నిల్వను చూసి ఇస్తున్నారు, దాని మీద బతికే జీవాలను చూసి కాదు. కిట్టివేక్‌లు దశాబ్దాలుగా తగ్గుతున్నాయి. సముద్రం వేడెక్కడాన్ని మంత్రులు రేపటికి ఆపలేరు, వేటను ఆపగలరు. నిషేధం అన్ని జెండాల పడవలకూ ఒకటే. బ్రిటన్ అప్పటికే తన కోటా వాడుకోవడం మానేసింది.

ఈయూ వాదన: కోటాలో సుమారు 97 శాతం తమది, 3 శాతమే బ్రిటన్‌ది. నియమం అందరికీ ఒకటే అన్నా నష్టం ఒక్కరికే. పక్షులకు జరిగే మేలును బ్రిటన్ ఆహారవల నమూనాతో, అంటే ఏ జీవి దేన్ని ఎంత తింటుందో లెక్కవేసే కంప్యూటర్ నమూనాతో, లెక్కగట్టింది. పదేళ్లకు సముద్రపు పక్షుల మొత్తం బరువులో సుమారు 7 శాతం పెరుగుదల కనబడింది. అలాంటి నమూనా ప్రాంతాన్నంతటినీ ఒకే పాత్రగా చూస్తుంది, పక్షుల కొండల దగ్గర మేటలను విడిగా చూడదు. అలాంటప్పుడు పక్షులు వెళ్లని దూరపు మేటలను కూడా ఎందుకు మూయాలి? ఈ ప్రశ్నకు బలముంది. గమనిస్తే, బ్రిటన్ వాదన బలమూ ఇదే చోట ఉంది: మేటమేటకూ తేడా ఉంటే ప్రాంతమంతటికీ కలిపి ఇచ్చే కోటా పక్షిని కాపాడదు. ఒకే జీవశాస్త్రం రెండు వైపులా పదును.

పవన విద్యుత్ టర్బైన్ల వల్ల చనిపోయే పక్షులకు పరిహారంగా సాండ్‌ఈల్ మూసివేతను చూపిస్తున్నారన్న అనుమానం కూడా వినబడింది. 2022లో బర్డ్‌ఫ్లూ సముద్రపు పక్షులను ఊడ్చేయడంతో ఏ మార్పు దేనివల్లో విడదీయడం ఇంకా కష్టమైంది.

ఒప్పందం ప్రకారం ఇలాంటి చర్యకు అందుబాటులో ఉన్న మేలైన శాస్త్ర సలహా ఆధారం కావాలి, వివక్ష ఉండకూడదు, లక్ష్యానికి తగ్గ మోతాదులో ఉండాలి. శాస్త్రం విషయంలోనూ వివక్ష విషయంలోనూ మధ్యవర్తులు బ్రిటన్‌తో ఏకీభవించారు. స్కాట్లండ్ మూసివేతకు అన్ని అంశాల్లోనూ ఆమోదం దొరికింది. ఇంగ్లండ్ జలాల మూసివేతలో మాత్రం లోపం పట్టారు: ఒప్పందంలో 2026 జూన్ 30తో ముగిసేలా రాసుకున్న సర్దుబాటు కాలంలో ఈయూ పడవలకున్న ప్రవేశ హక్కులకు కలిగే నష్టాన్ని, పక్షులకు కలిగే మేలుతో సరిగా తూచలేదని. నిషేధం తప్పని అనలేదు, నిర్ణయానికి వచ్చిన తీరులో లోటుందన్నారు. మూసివేతను ఎత్తేయాలన్న బాధ్యత తమ మీద లేదని బ్రిటన్, హక్కులు గుర్తించారని ఈయూ చెప్పుకోవడం ఇందువల్లే.

నార్వే ఎంచుకున్న మధ్యదారి

2000 దశకంలో తన వైపు మేటలు కొన్ని వరసగా ఖాళీ కావడం చూసిన నార్వే, 2010 తర్వాత పద్ధతి మార్చింది. తన జలాలను చిన్న చిన్న ప్రాంతాలుగా, వాటిని మళ్లీ భాగాలుగా విడదీసింది. వసంతంలో ధ్వని సర్వే చేసి, ప్రతిధ్వని బలహీనమైనా దానికి తగ్గ సర్దుబాట్లు చేసుకుని, చేప తగినంత కనబడిన భాగాన్నే తెరుస్తుంది. మిగతావి ఆ ఏడు మూసే ఉంటాయి. పైన కల్పిత లెక్కలో 75 శాతం పోయిన మూడు మేటల్లాంటి పరిస్థితి రాకుండా ఇది చాలావరకు ఆపగలదు.

దీనికి ఖర్చుంది. ఏటా ఓడలు వేటకాలానికి ముందే మేటమేటా తిరగాలి, ఆ ఏటి చేప లేచే వేళకు సరిగ్గా అక్కడుండాలి. ఏప్రిల్ చలిగా ఉండి చేప ఆలస్యంగా లేస్తే సర్వేకు కనబడేది తక్కువ, మూతపడే భాగాలు ఎక్కువ. పైగా నార్వే లెక్కలో చూసేది సాండ్‌ఈల్ ఎంతుందన్నదే, ఫలానా కొండ మీది పక్షులకు ఎన్ని టన్నులు విడిచిపెట్టాలన్నది కాదు. డాగర్ బ్యాంక్‌కు ఇదే పద్ధతి తేవాలంటే ఆ రెండో అంకె కూడా కావాలి. దానికి కిట్టివేక్‌లు ఏ మేట మీద మేస్తున్నాయో తెలియాలి. వాటి వీపు మీద అమర్చే చిన్న జీపీఎస్ పరికరాలతో ఇప్పుడది సాధ్యమే. కొండ కొండకూ, ఏటా, చేప లెక్కతో పాటే ఆ పనీ చేయాల్సి ఉంటుంది.